రైలుకట్ట పక్కన రాతి చిలకలు

పెనుకొండ నుంచి హిందూపురం పోయే రైలుకట్టకు తూర్పున గుట్టకిందపల్లి అనే చిన్న ఊరు ఉండేది. రైలు అక్కడ ఆగదు. పుట్టమ్మ ఆ ఊరికి కోడలై వచ్చిన 1951లో అత్తగారింట్లో ఆమెకు మొట్టమొదట అప్పగించిన పని పొలంలో రాళ్ళు ఏరడం.

అది ఎర్రనేల. రైలుకట్టకూ గుట్టకూ మధ్య పరుచుకున్న చెనిక్కాయ చేను, అంటే వేరుశనగ చేను. మడక కట్టి దున్నిన ప్రతిసారీ లోపలి నుంచి రాళ్ళు పైకి వచ్చేవి. విత్తనం మొలిచినా మొలవకపోయినా రాళ్ళు మాత్రం ప్రతి ఏడూ మొలిచేవి. ఊళ్ళో అందరూ వాటిని ఏరి చేను గట్టున కుప్ప పోసి మర్చిపోయేవాళ్ళు. పుట్టమ్మకు అట్లా కలిపి పోయడం చేతకాలేదు. తెల్లటి పలుగురాళ్ళు ఒక పక్క, నల్లరాళ్ళు ఒక పక్క, జేగురు రంగువి ఇంకొక పక్క వేసేది. ఎందుకని అడిగితే ఆమెకే తెలియదు. బియ్యంలో మట్టిగడ్డలు ఏరినట్టు చేతులు వాటంతటవే రంగులు విడదీసేవి.

ఈ సంగతులు కొన్ని పుట్టమ్మే నాకు చెప్పింది. మిగిలినవి మా అమ్మ చెప్పింది. మా అమ్మకు ఆమెతో స్నేహం రైల్లో కలిసింది. అది తర్వాత.

పుట్టమ్మ పుట్టిల్లు ఆమడగూరు పక్క పల్లె. అక్కడ వాళ్ళ ఇంటి ముందు వీధి వెడల్పుగా ఉండేది. పండగ వచ్చిందంటే ఆమె వేసిన ముగ్గు తొక్కకుండా పోవడానికి మనుషులు అవతలి గోడ పక్కనుంచి నడిచేవాళ్ళు. అత్తగారింటి ముందు ఆ వీలు లేదు. గడప దిగితే రెండు బండలు, ఆ తర్వాత ఎనుములు మేత మేసే గాడి, చుట్టూ కోళ్ళు. నాలుగు చుక్కలు పెట్టి లేచేసరికి కోళ్ళు రెండు చుక్కలు తినేసేవి. మొదటి రెండేళ్ళు దానికి ఆమె మనసు కొంచెం చిన్నబోయింది. ఎవరితోనూ అనలేదు.

ఒక వేసవిలో చేను పనులు లేని రోజుల్లో ఏరిన పలుగురాళ్ళను గంపలో పెట్టుకొని గుట్ట వాలు ఎక్కింది. అది చెట్టూ పుట్టా లేని బోడి వాలు. సాయంత్రం ఎండ నేరుగా దానిమీద పడుతుంది. రాయి పక్కన రాయి పెట్టుకుంటూ ఒక వంపు తీసింది. మరునాడు ఆ వంపుకు ఇంకో వంపు కలిపింది. మూడో రోజు ఆమె అత్త రామసుబ్బమ్మ కర్ర పట్టుకొని గుట్ట కిందికి వచ్చి, నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకొని చూసింది.

"ఏమే పుట్టమ్మా, చేన్లో రాళ్ళు ఏరమంటే గుట్టకు ముగ్గేస్తాండావా?"

"ఏరిన రాళ్ళు యాడో ఒక చోట పెట్టాల గదత్తా. ఆడ పెట్టేది ఈడ పెడతాండా, అంతే."

"మోసేది నీ నెత్తి. నాకేం పోయె" అని అత్త వెళ్ళిపోయింది. రామసుబ్బమ్మ కోడలిని తిట్టే మనిషి కాదు, మెచ్చుకునే మనిషీ కాదు. పని ఆగనంతవరకు ఎవరేం చేసుకున్నా ఆమెకు పట్టేది కాదు.

పుట్టమ్మ పెట్టాలనుకున్నది చిలకల జత. చిన్నప్పుడు జొన్నచేలో మంచె మీద కూర్చొని వడిసెల తిప్పుతూ చిలకలను తోలిన పిల్ల ఆమె. పగలంతా వాటినే చూసేది. చిలక కంకి మీద వాలేటప్పుడు తోక ఎట్లా విప్పుతుందో, తినేటప్పుడు మెడ ఎట్లా వంచుతుందో ఆమె కళ్ళల్లో ఉంది. తోలడానికి చూసిన చూపే అయినా చూపు చూపే కదా.

ఆమె భర్త రంగప్ప మాటలు తక్కువ మనిషి. భార్య గుట్టెక్కి ఏదో చేస్తోందని తెలుసు గానీ దగ్గరికి పోయి చూడలేదు. ఒక రోజు పెనుకొండ సంతకు పోయి, తిరిగి రైలుకట్ట వెంబడి నడిచి వస్తూ తలెత్తి చూశాడు. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ అడిగాడు.

"గుట్ట మీద కోడి ఎందుకు పెట్టినావు?"

"కోడి కాదు, చిలక."

"ఏమో. కట్ట మీద నుంచి జూస్తే కోడి మాదిరే ఉండాది. మెడ లేదు దానికి."

పుట్టమ్మ నమ్మలేదు. చేతిలో చేట కింద పెట్టి, చేను అడ్డంగా నడిచి, కట్ట ఎక్కి చూసింది. నిజంగానే కోడి. గుట్ట వాలుగా ఉండటంతో దూరం నుంచి చూసేటప్పటికి పొడవంతా కుంగిపోయి, మెడ భుజాల్లోకి దూరిపోయింది. కాసేపు నిలబడి చూసి నవ్వుకుంటూ ఇంటికి వచ్చింది. మరునాడు మెడను ఉన్నదానికి రెండింతలు సాగదీసింది. దగ్గర నిలబడితే అది కొంగ మెడ. కట్ట మీదికి పోతే అప్పుడది చిలక మెడ. దగ్గర కొంగగా ఉంటేనే దూరానికి చిలక అవుతుందని ఆమెకు ఆ రోజు తెలిసింది.

కానీ ప్రతి రాయికీ గుట్ట దిగి, చేను దాటి, కట్ట ఎక్కి చూసుకొని మళ్ళీ రావాలంటే పొద్దంతా నడకకే సరిపోతుంది. రంగప్ప రెండు రోజులు ఆ తిరుగుడు చూశాడు.

"నేను కట్ట మీద నిలబడతాలే. నువ్వు పైన ఉండు. ఎడమకు పెట్టాలంటే ఎడమకు ఊపుతా, కిందికి అంటే కిందికి ఊపుతా."

అట్లా మొగుడూ పెళ్ళాలకు ఒక కొత్త భాష పుట్టింది. చేను పని అయిన తర్వాత సాయంత్రం అతను కట్ట మీద తలగుడ్డ విప్పి పట్టుకొని నిలబడేవాడు. ఆమె రాయి పెట్టి తిరిగి చూసేది. గుడ్డ తలపైన గుండ్రంగా తిరిగితే సరిపోయిందని. నేలకు వాలితే తీసేయమని. ఇంట్లో పదిమాటలు కూడా కలవని రోజుల్లో వాళ్ళు గుట్టకూ కట్టకూ మధ్య గంటల తరబడి మాట్లాడుకునేవాళ్ళు.

చిలకకు పచ్చదనం యాడనుంచి తేవాలన్నది ఇంకో చిక్కు. పచ్చరాయి ఆ నేలలో లేదు. కొమ్మలు తెచ్చి పరిస్తే రెండు రోజులకు ఎండిపోయేవి. చివరికి వంక గట్టు నుంచి కలబంద పిలకలు తెచ్చి రెక్కల లోపల వరసగా నాటింది. మేకలు దాన్ని ముట్టవు, నీళ్ళు పోయకపోయినా చావదు. ముక్కుకు జేగురు రాళ్ళు. కంటికి నల్లరాయి. రెండు చిలకలు ఎదురెదురుగా, మధ్యలో ఒక కొమ్మ, కొమ్మకు చిన్న చిన్న ఆకులు. పూర్తయ్యేసరికి రెండేళ్ళు పట్టింది.

ఇక రైలు ఆగిన సంగతి.

అది 1956లో చెనిక్కాయ పీకడం అయిపోయిన రోజులు. రెండో చిలక ముక్కు సరిచేస్తున్నారు. రంగప్ప తలగుడ్డ మట్టికొట్టుకొని నేల రంగులో కలిసిపోయి, పైనుంచి ఆమెకు కనపడటం లేదు. అందుకని ఆమె తన పాత చీర చెంగు చించి ఇచ్చింది. మంచి ఎర్ర చీర. రంగప్ప ఆ గుడ్డ పట్టుకొని కట్ట మీద నిలబడి, ఎడమకు జరపమని గట్టిగా ఊపుతున్నాడు. అంతలో హిందూపురం నుంచి వచ్చే ప్యాసింజరు మలుపు తిరిగింది.

డ్రైవరు ఏం చేస్తాడు? కట్ట మీద ఒక మనిషి ఎర్రగుడ్డ ఊపుతున్నాడు. పట్టాలు తెగినాయనుకున్నాడు. ఇంజను కూత వేసి, చక్రాలు కీచుమని, రైలంతా వణికి, రంగప్పకు పది బారల దూరంలో ఆగింది. రంగప్ప అప్పటికే పక్కకు దూకి కట్ట కింది కలబంద పొదలో పడ్డాడు. గార్డు చివరి పెట్టె నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. అరవ మనిషి, తెలుగు తడుముకుంటూ మాట్లాడతాడు.

"ఎవరయ్యా జెండా చూపించింది? పట్టా ఎక్కడ పోయింది?"

"జెండా కాదు సామీ. మా ఆడమనిషి చీరగుడ్డ."

"ఎందుకు ఊపినావు?"

రంగప్పకు అబద్ధం తోచలేదు. "చిలక ముక్కు ఎడమకు జరపమని."

గార్డు ఈ మనిషికి మతి లేదనుకున్నాడు. అంతలో డ్రైవరు ఇంజను మెట్టు మీద నుంచి గుట్ట వైపు చెయ్యి చూపించాడు. గార్డు తిరిగి చూశాడు. కిటికీల్లోంచి జనం తలలు బయటపెట్టి చూశారు. సాయంత్రం ఎండలో గుట్ట నిండా రెండు చిలకలు, వాటి మధ్య గంప పట్టుకొని భయంతో కదలకుండా నిలబడిన పుట్టమ్మ. అప్పటిదాకా రోజూ ఆ దారిన పోయే రైలే అయినా, వేగంలో ఎవరూ గమనించలేదో, గమనించినా కొండ మీద ఏవో రాళ్ళనుకున్నారో తెలియదు. ఆగిన తర్వాత అందరికీ కనపడింది.

డ్రైవరు మసి చేతులు గుడ్డకు తుడుచుకుంటూ అన్నాడు. "ముక్కు ఎడమకు అక్కర లేదు. ఇంకొంచెం కిందికి వంగాల."

రంగప్ప మళ్ళీ చూసి ఒప్పుకున్నాడు. "అవును సామీ. కిందికే."

గార్డు మాత్రం ఎర్రగుడ్డ లాక్కున్నాడు. ఇంకోసారి ఇట్లా చేస్తే పోలీసులకు పట్టిస్తానన్నాడు. అది వాళ్ళను భయపెట్టింది, భయపెట్టాల్సిన పనే. ఆ తర్వాత రంగప్ప ఎప్పుడూ కట్ట మీద నిలబడలేదు. కట్టకు ఇవతల చేలో రాతికుప్ప ఎక్కి, తెల్ల పంచె ముక్క కర్రకు కట్టి ఊపేవాడు.

ఆ రోజు రైల్లో ఉన్నవాళ్ళు ఊరూరా చెప్పుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఆ గుట్ట చిలకలగుట్ట అయింది. రంగప్ప హిందూపురం మండీలో నిలబడితే "ఏమప్పా, చిలకలగుట్ట కాడోళ్ళా మీరు?" అని అడిగేవాళ్ళు. తన ఊరి పేరు చెప్పే పని అతనికి తప్పిపోయింది. రామసుబ్బమ్మ కూడా మారింది, తన పద్ధతిలో. సాయంత్రమైతే కర్ర పట్టుకొని గుట్ట కింద బండ మీద కూర్చునేది. గొర్రెలు ఆ వాలు ఎక్కబోతే "ఒరే, నీ మంద అవతలికి తోలుకో, ఆడ మా చిలకలుండాయి" అని కేకేసేది. మా కోడలి చిలకలని ఆమె ఎప్పుడూ అనలేదు. మా చిలకలనే అనేది. పుట్టమ్మకు అది చాలు.

ఇంత పేరు వచ్చినా పుట్టమ్మ రైలెక్కలేదు. పుట్టింటికి పోవాలన్నా ఎక్కడికి పోవాలన్నా ఎద్దులబండి, లేకపోతే బస్సు. 1958లో హిందూపురంలో ఆమె మేనమామ కూతురి పెళ్ళి వచ్చింది. బస్సులో పోదామని ఆమె అంటే రంగప్ప ఒప్పుకోలేదు.

"పెనుకొండకు నడిచిపోయి రైలెక్కుదాం. అందురూ జూస్తాండారు, నువ్వు జూడొద్దా?"

రైలు పెట్టె నిండా జనం. బెల్లం గంపలు, చింతపండు మూటలు, ఒకరి ఒళ్ళో ఒకరు. వాళ్ళకు పడమటి పక్కన బల్ల అంచు మీద చోటు దొరికింది. గుట్టేమో తూర్పు పక్క. అటు జరుగుదామంటే అడుగు పెట్టే సందు లేదు. గుట్ట దగ్గరికి వస్తుండగా ఎవరో "చిలకలు వస్తాండాయి" అన్నారు. అంతే, పెట్టెలో సగం మంది లేచి తూర్పు కిటికీల మీద పడ్డారు. పుట్టమ్మ కూడా లేచింది. ఆమెకు కనపడింది వీపులు, తలపాగాలు, ఎవరి చంకలోనో ఉన్న కోడిపుంజు. కాలివేళ్ళ మీద నిలబడినా ఆకాశం ముక్క తప్ప ఏమీ కనపడలేదు.

కానీ మాటలు వినపడ్డాయి.

"రైలోళ్ళు చేయించినారంట, మదరాసు నుంచి మనిషిని పిలిపించి."

"కాదబ్బా. ఎవరో సన్నేసి మొక్కుకొని పెట్టినాడు. ఆయన గుట్ట వెనకాల గవిలో ఉంటాడు."

"ఎవరు పెట్టినా ఒక చిలక కన్ను పెద్దదైపోయింది. జూడు, ఒకటి గుడ్లురిమి జూస్తాంది."

గుట్ట వెళ్ళిపోయింది. జనం తిరిగి కూర్చున్నారు. రంగప్ప ఇక ఓర్చుకోలేకపోయాడు. మాటలు తక్కువ మనిషి ఆ రోజు నోరు తెరిచాడు.

"సన్నేసీ కాదు, రైలోళ్ళూ కాదు. పెట్టింది ఈమే. నా భార్య."

ఎదురుగా తలపాగా మనిషి పుట్టమ్మను పైనుంచి కిందికి చూసి నవ్వాడు. "అట్లయితే ఈ రైలు చేసింది నేనే లేప్పా."

పెట్టె అంతా నవ్వింది. రంగప్ప ముఖం ఎర్రబడింది. పుట్టమ్మ అతని చెయ్యి పట్టుకొని ఊరుకోమంది. ఆమెకు కూడా నవ్వొస్తోంది.

ఆ పెట్టెలోనే కిటికీ పక్కన మా అమ్మ యశోదమ్మ కూర్చొని ఉంది. ధర్మవరంలో మాది మగ్గాల ఇల్లు. మా నాయన నేసిన పట్టుచీరలు ఇవ్వడానికి హిందూపురం పోతుంటే తోడు వచ్చింది. ఆమె నవ్వలేదు. ఆ దారిన పోయినప్పుడల్లా చిలకలను చూసేది, ఆ కన్ను సంగతి ఆమెకూ చాలా రోజులుగా మనసులో ఉంది.

"ఏమక్కా, ఆ కన్ను ఎందుకు పెద్దగా పెట్టినావు?" అని అడిగింది.

పుట్టమ్మ దాచుకోకుండా చెప్పింది. "బావి తవ్వినప్పుడు బయటపడిన రాయమ్మా అది. నల్లగా నున్నగా బాగుండాదని దొర్లించుకుంటా ఎక్కిస్తి. నడుం పట్టుకొని నాలుగు దినాలు లేయలేదు. రెండో దానికి అంత రాయి మోసే శక్తి లేక చిన్నది పెడితి. మార్చాలంటే దాన్ని దింపాల. దింపేకి కూడా శక్తి లేదు."

తలపాగా మనిషి కాసేపటికి గంపలో నుంచి బెల్లం ముక్క తీసి పుట్టమ్మ చేతిలో పెట్టాడు. హిందూపురంలో దిగేలోపు మా అమ్మ ఆమె దగ్గర కలబంద పిలకలు ఎట్లా నాటాలో, వాలు మీద రాయి జారకుండా ఎట్లా పాతాలో అన్నీ అడిగింది. పుట్టమ్మ మా అమ్మ దగ్గర చీర కొంగులో ఆకును ఎన్ని పోగుల్లో తెస్తారో అడిగింది. ఇద్దరూ పెళ్ళింటి వాకిలి దాకా మాట్లాడుకుంటూ నడిచారంట.

తిరుగు ప్రయాణం పొద్దున రైల్లో. జనం తక్కువ. ఈసారి తూర్పు కిటికీ పక్కన ఒంటరిగా కూర్చొని పుట్టమ్మ తన చిలకలను చూసింది. అటు చూస్తుండగానే అయిపోయింది. ఇంతేనా అనిపించిందంట ఆమెకు. రెండేళ్ళ పని గట్టిగా ఊపిరి తీసి వదిలేలోపు వెనక్కి పోయింది. ఆమె ఒక్కొక్క ఆకు పేర్చిన కొమ్మ అసలు కనపడనే లేదు, ఏదో తెల్లటి మరక.

ఇంటికి వచ్చి రంగప్పతో అంది. "ఆకులు తీసేస్తా. కొమ్మ ఒకటి లావుగా పెడతా. వాళ్ళు నిలబడి జూసేది లేదు, పోతా పోతా జూస్తారు. వాళ్ళకు అందేటట్టు పెట్టాల."

ఆకులు తీసేయడానికి మనసు నొచ్చలేదా అని నేను అడిగాను. "మనం జూసుకునేకి అయితే ఇంట్లోనే పెట్టుకోవచ్చు గదమ్మా" అంది.

తర్వాత నాలుగేళ్ళు నిమ్మళంగా గడిచాయి. ఇద్దరు పిల్లలు పుట్టారు. వానలు ఒక ఏడు పడ్డాయి, ఒక ఏడు లేదు. ప్రతి వేసవిలో జారిన రాళ్ళు సర్దేది. 1962 ఎన్నికలప్పుడు పెనుకొండ నుంచి ఒక పెద్దమనిషి జీపులో వచ్చాడు. చిలకలు తీసి తమ పార్టీ గుర్తు జోడెద్దులు పెడితే రైల్లో పోయే వాళ్ళంతా చూస్తారన్నాడు. వారం తిరగకుండా ఇంకో గుర్తు వాళ్ళు వచ్చి తమ గుర్తు పెట్టమన్నారు. ఇద్దరికీ జవాబు చెప్పింది రామసుబ్బమ్మే.

"మా గుట్టకు ఓటు లేదప్పా. ఓటుండే వాళ్ళను అడుక్కోపోండి."

1964లో మాత్రం నిజమైన చిక్కు వచ్చింది. రైలుకట్టకు కొత్త కంకర కావాలని గుట్టను కంట్రాక్టుకు ఇచ్చారు. రాళ్ళు కొట్టే వాళ్ళు గుడారాలు వేసుకొని గుట్ట వెనక దిగారు. రంగప్ప పెనుకొండ కచేరీకి రెండుసార్లు తిరిగాడు. గుట్ట సర్కారుది, పట్టా ఎవరికీ లేదు, మీరు పెట్టిన రాళ్ళు ఎవరు పెట్టమన్నారు అన్నారు అక్కడ. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అతను వచ్చి ఆ మాటే చెప్పాడు. ఆ పూట పుట్టమ్మ గుట్టెక్కి చిలక రెక్కల మధ్య చీకటి పడేదాకా కూర్చుంది.

మరునాడు రాళ్ళు కొట్టే వాళ్ళ మేస్త్రీ కుళ్ళాయప్ప ఇంటికి వచ్చాడు. మజ్జిగ ఇస్తే తాగి, చెంబు పక్కన పెట్టి, నేల చూస్తూ మాట్లాడాడు.

"అమ్మా, ఆ చిలకల మీద సుత్తి పెట్టేకి మా ఆడోళ్ళు ఒప్పుకోలేదు. పెడితే మేం వంట చెయ్యం అంటాండారు. నేను ఒక మాట చెప్తా. మాకు కావాల్సింది గుట్టలో రాయి, నువ్వు పేర్చిన రాయి కాదు. పలుగురాయి కంకరకు పనికిరాదు, దెబ్బకే పొడి అయితాది. నువ్వు తీసుకోపో. నెల దినాలు మేం వెనక పక్కే కొట్టుకుంటాం, ఈ దిక్కు రాము."

"తీసి యాడ పెట్టుకునేదన్నా?" అంది పుట్టమ్మ.

రంగప్ప వసారాలో నుంచి అన్నాడు. "కట్టకు అవతల మన మిట్ట ఉండాది గదా. మన పట్టానే. ఎవరూ అడగరు."

ఆ మిట్ట పడమటి వైపు ఉంది. పంట పండని గరుగు నేల. పుట్టమ్మ ఆ సాయంత్రమే పోయి చూసింది. గుట్టంత ఎత్తు లేదు, కానీ కట్ట వెంబడి పొడవుగా సాగి ఉంది. ఎదురెదురు చిలకలు అక్కడ పట్టవు. పొద్దున ఎండ మాత్రం దాని మీద నేరుగా పడుతుంది. ఆమె ఆ చివర నుంచి ఈ చివరకు నాలుగుసార్లు నడిచింది. ఇంటికి వచ్చేసరికి ముఖం తేటపడింది.

"కూర్చునే చిలకలు ఒద్దు. ఎగిరేవి పెడతా. ఒకదాని వెనక ఒకటి" అంది.

రాళ్ళు దింపడం ఊరంతటి పని అయింది. కుళ్ళాయప్ప వాళ్ళ ఆడవాళ్ళు తమ పని లేని రోజున తట్టలు తెచ్చారు. ఊళ్ళో వాళ్ళు కూడా కలిశారు. గుట్ట మీద నుంచి చేలోకి వరసగా నిలబడి తట్టలు అందించుకున్నారు. అక్కడి నుంచి రంగప్ప బండి, బండిదారిలో పట్టాలు దాటి, మిట్టకు. బావి తవ్వినప్పుడు బయటపడిన ఆ నల్లరాయిని కుళ్ళాయప్ప గడ్డపారలతో దించాడు. రామసుబ్బమ్మ అందరికీ సంగటి ముద్దలు, చెనిక్కాయ ఊరుబిండి చేసి బండ మీద పెట్టింది. పదేళ్ళు ఒంటరిగా ఒక్కొక్క రాయీ మోసిన పుట్టమ్మకు ఆ రోజు మోయడానికి రాయి దొరకలేదు. ఎక్కడ పెట్టాలో చెప్పడమే ఆమె పని. చెప్పడం అలవాటు లేక, మొదట కొంచెం సిగ్గుపడిందంట.

ఐదు చిలకలు అయ్యాయి. అన్నీ ఒక్క తీరుగా పెడితే ఏం బాగుంటుందని ఒకదాని రెక్కలు పైకెత్తి, ఒకదానివి చాపి, ఒకదానివి కిందికి దించి పెట్టింది. ఆమె అనుకున్నది అంతే. కానీ రైలు మిట్ట పక్కన పోతుంటే ఒక చిలక తర్వాత ఒక చిలక కిటికీలోకి వచ్చి, ఒకే చిలక రెక్కలు ఆడించుకుంటూ రైలుతో పాటు ఎగిరినట్టు కనపడింది. ఆ మాట ముందు పట్టుకొచ్చింది మా అమ్మ. పెనుకొండలో దిగి, ఎండలో అంత దూరం నడిచి వచ్చి చెప్పింది. పుట్టమ్మ నమ్మలేదు. మా అమ్మ ఆమెను మళ్ళీ పెనుకొండ తీసుకుపోయి, హిందూపురం రైలు ఎక్కించి, పడమటి కిటికీ పక్కన కూర్చోబెట్టి చూపించింది. చిలక ఎగిరింది. ఇద్దరూ చిన్నపిల్లల్లాగా నవ్వారంట. ఆ నవ్వులో దిగాల్సిన మలుగూరు స్టేషను వచ్చింది, దిగడం కూడా మర్చిపోయి హిందూపురం దాకా పోయారు.

అటు తర్వాత మా ఇంట్లో మగ్గం మీదికి కూడా ఆ చిలకలు వచ్చాయి. మా నాయన ముందు అడిగించాడు. "నీ చిలకలు అంచులో నేసుకుంటే నీకు కోపం లేదు గదా అక్కా" అని.

"మీరు నేసుకుంటే నా మిట్ట మీద రాళ్ళు తగ్గవు గదప్పా. నేసుకోండి" అందంట. ఎగిరే చిలకల అంచు చాలా ఏళ్ళు ధర్మవరంలో నడిచింది. మొదటి చీర మా నాయన పుట్టమ్మకే ఇచ్చాడు. ఆమె దాన్ని పెట్టెలో దాచలేదు. పెళ్ళిళ్ళకు, పేరంటాలకు కట్టి కట్టి చించింది.

గుట్ట సగం తరిగిపోయింది. ఆ కంకర మీదే రైళ్ళు పోతున్నాయి. రామసుబ్బమ్మ 1966లో పోయింది, పెద్ద బాధ పడకుండానే, నిద్రలో. ఆమె కూర్చునే బండ కంకరలో పోలేదు. ఇప్పుడు దాని మీద రంగప్ప కూర్చుంటున్నాడు.

నేను పెద్దదాన్నయిన తర్వాత, 1968 చలికాలంలో, మా అమ్మతో కలిసి అక్కడికి పోయాను. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. గుట్ట మీద ఉన్నప్పుడు కలబంద ఎప్పుడైనా ఒక కాడ వేసినా మందలు తొక్కేసేవి. మిట్ట మీద ఆ బెడద లేదు. ఐదు చిలకల రెక్కల్లోంచి మోకాలెత్తు కాడలు లేచి, పసుపూ నారింజా కలిసిన పూలు పూశాయి. తేనెపిట్టలు గుంపుగా వచ్చి వాటిలో ముక్కులు పెడుతున్నాయి. పూల కాడల వల్ల రెక్కల గీత చెదిరిపోయి, దూరానికి చిలక చిలకలాగా లేదు.

"కాడలు తుంచేస్తే మళ్ళీ రూపు వస్తాది" అన్నాడు మా వెంట వచ్చిన రంగప్ప, మిట్ట కింద నిలబడి.

పుట్టమ్మ చీర ఎగదోపుకొని మిట్ట మీదికి పోయి, పూల మధ్య నిలబడి చూసింది. ఒక తేనెపిట్ట ఆమె భుజానికి అరచెయ్యి దూరంలో రెక్కలాడిస్తూ తాగుతోంది.

"పూసేదాన్ని ఎట్లా తుంచేది? ఉండనీ. రైల్లో వాళ్ళు ఈ నెల పూలు జూసుకుంటారు" అంది. వంగి, వానకు జారిన ఒక పలుగురాయిని తీసి, మట్టి తుడిచి, దాని చోట్లో పాతింది.